పాతబస్తీ గాజుల కార్ఖానా నేపథ్యంగా నేర నవల: ముగింపు ఎక్కడ?

ప్రశ్న: బీహారు నుంచి తెచ్చిన పిల్లల చేత హైదరాబాదు పాతబస్తీలో వెట్టిచాకిరీ చేయించే ముఠాపై నవల రాస్తున్నాను. పోలీసులు తలుపు పగలగొట్టడంతో కథ ముగించవచ్చా?

జవాబు: దయచేసి ముగించకండి. తల్లిదండ్రుల చేతిలో పెట్టిన బయానా డబ్బే తాళం కన్నా గట్టిగా పిల్లవాణ్ణి కట్టిపడేస్తుంది. 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం ఆ అప్పును రద్దు చేసినా, వెట్టి నుంచి విముక్తుడయ్యాడని అధికారులిచ్చే విడుదల ధ్రువపత్రం కోసం అతడు పడే నిరీక్షణలోనే అసలైన ఉత్కంఠ ఉంది.

మరో జవాబు: 2015 జనవరిలో అక్కడి కార్ఖానాల నుంచి 200 మందికి పైగా పిల్లలను విడిపించారు. దళారిని రాక్షసుడిగా చూపవద్దని నా మనవి. చాలాసార్లు అతడు వాళ్ల ఊరివాడే, పిల్లలు నమ్మి వెంట నడిచినవాడే.

ఇంకొకరు: కథాకాలం 2024 జూలై తర్వాతిదైతే, మనుషుల అక్రమ రవాణా కేసు, ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షన్ కిందికి వస్తుంది.