శాంటా క్లారా కౌంటీ, కాలిఫోర్నియా: మామూలు ఓనర్లు అద్దెకిచ్చే టౌన్‌హోమ్‌లకు కూడా అద్దె పరిమితి ఉండాలా?

కుపర్టినో_అద్దిల్లు:
అందరికీ నమస్కారం. 2022 నుంచి కుపర్టినోలో ఒక టౌన్‌హోమ్‌లో (పక్కిళ్లతో గోడలు కలిసిన ఇల్లు) అద్దెకుంటున్నాం. లీజు గడువు అయిపోయాక నెలనెలా పద్ధతిలో నడుస్తోంది. మొన్న శుక్రవారం ఓనరు గారి నుంచి నోటీసు వచ్చింది. ఇప్పుడిస్తున్న 4,200 డాలర్లు వచ్చే నెల నుంచి 4,900 అవుతుందట. ఉంటారో ఖాళీ చేస్తారో ముప్పై రోజుల్లో చెప్పమన్నారు.

కాలిఫోర్నియాలో అద్దె పరిమితి చట్టం ఉంది కదా అని ధైర్యం చేసుకుని చదవడం మొదలుపెట్టాను. 2020 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న ఏబీ 1482 ప్రకారం ఏడాదికి 5 శాతం, దానికి ధరల పెరుగుదల కలిపి పెంచుకోవచ్చు. మొత్తం మాత్రం 10 శాతం దాటకూడదు. ఆ లెక్కన మాకు ఎంత లాగినా 420 డాలర్లే పెరగాలి. కానీ విడిగా అమ్ముకోగల ఇల్లయి, ఓనరు ఏ కార్పొరేషనో కాకుండా మామూలు మనిషైతే ఆ ఇంటికి మినహాయింపు ఉంది. మా వెనక వీధిలో పాత అపార్ట్‌మెంట్‌లో ఉన్న స్నేహితులకు చట్టం వర్తిస్తుంది, మాకు వర్తించదు. ఒకే ఊరు, ఒకే బడి, ఒకే రకం ఉద్యోగాలు.

మా పాప నాలుగో తరగతి. బడి కోసమే ఈ ఊళ్లో ఉన్నాం. గ్రీన్ కార్డు క్యూలో ఉన్నవాళ్లం, ఇక్కడ ఇల్లు కొనే ధైర్యమూ లేదు, డౌన్ పేమెంటూ లేదు. ఈ మినహాయింపు తీసేయాలని నా అభిప్రాయం. మీరేమంటారు?

మిల్పిటాస్_ఓనర్:
అమ్మా, మీ ఇబ్బంది అర్థమైంది. కానీ అటువైపు కూర్చున్నవాడిగా నా లెక్క కూడా వినండి. 2022లో మిల్పిటాస్‌లో 12 లక్షల డాలర్లకు టౌన్‌హోమ్ కొన్నాను. ఉద్యోగం మారి టెక్సస్ వెళ్లాల్సి రావడంతో అద్దెకిచ్చాను. మార్ట్‌గేజ్ 5,450. ఆస్తి పన్ను నెలకు దగ్గర దగ్గర 1,200. సొసైటీకి 390. మొత్తం ఏడు వేలు దాటుతుంది. వచ్చే అద్దె 4,300. నెలనెలా 2,700 డాలర్లు జేబులోంచి పోస్తున్నాను. నన్ను పెద్ద పెట్టుబడిదారుడిగా చూడకండి.

ఇంకో మాట. 2020లో కోవిడ్ వచ్చి ఇంటి నుంచే పని అయ్యేసరికి చాలా మంది ఊళ్లు వదిలి వెళ్లారు. అద్దెలు పడిపోయాయి. అలా తగ్గిన అద్దెను ఓనర్లకు ఎవరూ పూడ్చలేదు. అద్దె పడేటప్పుడు కింద అడుగు లేదు కానీ, లేచేటప్పుడు పైన కప్పు కావాలంటే ఎలా? పరిమితి పెడితే నేను అమ్మేస్తాను. కొన్నవాళ్లు అందులో కాపురం పెట్టుకుంటారు. కౌంటీలో అద్దె ఇల్లు ఒకటి తగ్గుతుంది.

పాలమూరు_పిలగాడు:
అక్కా, చర్చ తర్వాత జేద్దాం, ముందుగాల నీ నోటీసు సంగతి జూడు. పెంపు 10 శాతం దాటితే ముప్పై రోజుల నోటీసు నడ్వదు. తొంభై రోజులు ఇయ్యాలె. 4,200 మీద 700 అంటే 16 శాతం పైన. ఇది అద్దె పరిమితి చట్టం గాదు, నోటీసుల చట్టం. నెలనెలా పద్ధతిల ఉన్నోళ్లకు, టౌన్‌హోమ్ అయినా ఇదే లెక్క.

రెండోది, నీ లీజు కాయితం తీసి జూడు. 2020 జులై తర్వాత రాసుకున్న లీజైతే, ఈ ఇంటికి చట్టం నుంచి మినహాయింపు ఉన్నదని అండ్ల రాసి ఉండాలె. రాయకపోతే ఓనరుకు మినహాయింపే దొరకదు.

కుపర్టినో_అద్దిల్లు:
తమ్ముడూ, చాలా థాంక్స్. తొంభై రోజుల సంగతి నాకు తెలియదు. లీజు ఇప్పుడే తీసి చూశాను. పదకొండో పేజీలో ఆ పేరా ఉంది, కింద మా ఇద్దరి సంతకాలూ ఉన్నాయి. ఆ రోజు తాళాలు చేతికొస్తే చాలనుకుని సంతకం పెట్టేశాం. కాబట్టి మినహాయింపు ఉన్నట్టే. నోటీసు మాత్రం తప్పు.

లెక్కల_మాస్టారు:
ఓనరు గారు అమ్మేస్తానన్న మాట బెదిరింపు కాదు, అలా జరిగిన దాఖలా ఉంది. 1994లో శాన్ ఫ్రాన్సిస్కో ఓటర్లు అద్దె నియంత్రణను 1980కి ముందు కట్టిన చిన్న భవనాలకు కూడా విస్తరించారు. అంతకుముందు నాలుగు ఇళ్లు దాటని భవనాలకు మినహాయింపు ఉండేది. స్టాన్‌ఫర్డ్ ఆర్థికవేత్తలు ఆ తర్వాత ఏం జరిగిందో ఏళ్ల తరబడి లెక్కగట్టి 2019లో ప్రచురించారు. పాత అద్దెదారులు అదే చిరునామాలో నిలిచిపోయే అవకాశం 10 నుంచి 20 శాతం పెరిగింది. అంటే కాపాడాలనుకున్నవాళ్లను చట్టం నిజంగానే కాపాడింది. అదే సమయంలో ఆ ఓనర్లు కొన్నిటిని కాండోలుగా, అంటే విడివిడిగా అమ్ముకునే ఫ్లాట్లుగా మార్చి అమ్ముకున్నారు, కొన్నిటిని కూల్చి కొత్తవి కట్టుకున్నారు. అలా ఆ భవనాల్లో అద్దెకు దొరికే ఇళ్లు 15 శాతం తగ్గాయి. మొత్తం నగరంలో అద్దెలు 5 శాతం పైగా పెరిగాయి. లోపలున్నవాళ్ల లాభానికి మూల్యం బయటి నుంచి వచ్చేవాళ్లు చెల్లించారు. చెల్లెమ్మా, 2022లో బయటి నుంచి వచ్చినవాళ్లు మీరే కదా?

నా ఉద్దేశంలో అసలు జబ్బు ఇళ్లు కట్టకపోవడం. కుపర్టినోలో వాల్కో మాల్ స్థలాన్నే చూడండి. 2018లో రాష్ట్ర చట్టం కింద 2,402 ఇళ్లకు అనుమతి వచ్చింది. అందులో సగం తక్కువ ఆదాయం వాళ్లకు. దాని మీద కోర్టు కేసులు, మార్పులు, మళ్లీ కొత్త ప్లాన్లు. ఏళ్ల తరబడి అది మట్టి నేలగానే ఉండిపోయింది. ఆస్టిన్‌లో లెక్కకు మించి అపార్ట్‌మెంట్లు లేచాక అక్కడ అద్దెలు దిగొచ్చాయి. మిన్నెసోటాలోని సెయింట్ పాల్ నగరం 2021లో కొత్త కట్టడాలతో సహా అన్నిటికీ 3 శాతం పరిమితి పెడితే, బిల్డర్లు పర్మిట్లు అడగడం బాగా తగ్గించేశారు. మరుసటి ఏడాదే కొత్త ఇళ్లకు ఇరవై ఏళ్ల మినహాయింపు ఇచ్చి సర్దుకోవాల్సి వచ్చింది.

కుపర్టినో_అద్దిల్లు:
మాస్టారూ, ఇళ్లు కట్టాలన్నది నేనూ ఒప్పుకుంటాను. కానీ వాల్కోలో ఇళ్లు లేచేసరికి మా పాప కాలేజీకి వెళ్తుంది. ఈ ఏడాది సంగతేమిటి?

ఓనరు గారికి ఒక ప్రశ్న. 1978లో వచ్చిన ప్రాప్ 13 వల్ల మీ ఇంటి పన్ను విలువ ఏడాదికి 2 శాతం మించి పెరగదు. ఉన్నపళంగా పన్ను పెరిగి సొంత ఇల్లు వదులుకోవాల్సిన పరిస్థితి ఎవరికీ రాకూడదనే కదా ఆ చట్టం పెట్టారు. అది న్యాయమే. అదే భయం అద్దెకున్నవాళ్లకు ఉండదా? మీరు 2022లో కొన్నారు కాబట్టి పన్ను భారం మీకు తెలుస్తోంది. మా ఓనరు గారు 1998లో కొన్నారు. ఆయన పన్ను మీ పన్ను కన్నా చాలా తక్కువే ఉంటుంది, అయినా పెంచింది 700. ఖర్చు పెరిగింది కాబట్టి అద్దె పెంచుతున్నామన్న మాట అందరికీ వర్తించదు.

మీరు అమ్మితే అద్దె ఇల్లు ఒకటి పోతుందన్నారు. కొనేవాళ్లు కూడా ఎక్కడో అద్దెకున్నవాళ్లే కావచ్చు, వాళ్లు ఖాళీ చేసిన ఇల్లు ఇంకొకరికి దొరుకుతుంది. అయితే మూడు లక్షలు డౌన్ పేమెంట్ కట్టలేని కుటుంబానికి ఈ బడుల పరిధిలో తలుపు మూసుకుపోతుందన్నది నిజమే. అది నాకూ బాధగానే ఉంది.

మిల్పిటాస్_ఓనర్:
ప్రాప్ 13 మాట గట్టిదే, కాదనను. మా పక్కింటాయన 90ల్లో కొన్నాడు. ఇద్దరిదీ ఒకే రకం ఇల్లు, కట్టే పన్నులకు పొంతన లేదు. అయినా ఒక్కటి చెప్పండి. నాలాంటివాడికి, వేల ఇళ్లున్న కంపెనీకి ఒకే రూలు పెట్టడం సబబేనా? వాళ్లకు ఒక ఇంట్లో నష్టమొస్తే ఇంకో ఇంట్లో సర్దుకుంటారు. నాకున్నది ఒక్కటే ఇల్లు.

తొంభైతొమ్మిది_బ్యాచ్:
నేను 1999లో సన్నీవేల్‌లో దిగాను. అప్పట్లో అపార్ట్‌మెంట్ చూడ్డానికి వెళ్తే మన ముందు పదిమంది వరసలో ఉండేవారు. జీతం స్లిప్పులు ఫైల్లో పెట్టుకుని, ఉద్యోగానికి వెళ్లినట్టు వెళ్లేవాళ్లం. 2001లో డాట్‌కామ్ కూలాక అవే కాంప్లెక్సుల ముందు మొదటి నెల ఉచితం అని బ్యానర్లు కట్టారు. మా బ్యాచ్‌లో సగం మంది ఇండియా తిరిగెళ్లారు. ఈ సిలికాన్ వ్యాలీలో అద్దె జీతాల వెనక నడవదు, కంపెనీల ఉత్సాహం వెనక పరిగెడుతుంది. ఇప్పుడు ఏఐ వంతు వచ్చింది.

అందుకే నేను పరిమితి వైపే. అదీ 3 శాతం లాంటి బిగింపు కాదు, ఏబీ 1482లో ఉన్నంత చాలు. ఓనరు ఏడాదికి 8, 9 శాతం పెంచుకున్నా బతుకుతాడు. ఒకేసారి 16 శాతం పడితే అద్దెకున్నవాడు బడి మధ్యలో పిల్లల్ని పీకి దూరంగా ట్రేసీకో మౌంటెన్ హౌస్‌కో పోతాడు. ఉద్యోగం పోయిన హెచ్1బీ వాళ్లను కొత్తది వెతుక్కునే అరవై రోజుల గడువు ఎంత నలిపేస్తుందో మనకు తెలుసు. దాని పక్కన ముప్పై రోజుల అద్దె నోటీసు పెట్టి చూడండి.

మాస్టారు ఉదాహరించిన శాన్ ఫ్రాన్సిస్కో నియంత్రణ చాలా బిగువైనది, కాండోలుగా మార్చుకునే దారి ఉన్నచోటి కథ. టౌన్‌హోమ్‌ను ఇంకేం కాండోగా మారుస్తారు? అమ్మకం ఒక్కటే దారి.

పాలమూరు_పిలగాడు:
నా మాట గూడ జెప్త. నేను శాన్ హోసేల పాత బిల్డింగుల ఉంట, 2014ల దిగిన. 1979 సెప్టెంబరు కంటె ముందటి కట్టడం, మూడిండ్లు, అంతకంటె ఎక్కువున్నది కాబట్టి సిటీ రూలు కింద ఏడాదికి 5 శాతమే. కిరాయి తక్కువనే. కానీ ఆఫీసు మౌంటెన్ వ్యూకు మారింది, రోజూ గంటన్నర కార్లనే. ఇల్లు మారుదమంటే మారలేను. 1995 నాటి కోస్టా హాకిన్స్ చట్టం వల్ల, ఒకరు ఖాళీ చేసినంక కొత్తగ వచ్చెటోనికి ఓనరు ఎంతైనా పెట్టుకోవచ్చు. నా కిరాయి నన్ను కట్టేసింది. గా చట్టాన్ని తీసెయ్యనీకెనో సడలించనీకెనో 2018ల, 2020ల, 2024ల మూడుసార్లు ఓటింగు పెట్టిన్రు. మూడుసార్లు దాదాపు 60 శాతం మంది వద్దన్నరు. కిరాయికున్నోళ్లు ఇంతమంది ఉన్న రాష్ట్రంల గిట్లెందుకైతుందో మనం ఆలోచన జెయ్యాలె. మనల చాన మందికి ఓటే లేదు, ఉన్నోళ్లేమో ఇల్లు కొన్నంకనే సిటిజెన్లయితున్నరు.

లెక్కల_మాస్టారు:
బాగా చెప్పారు తమ్ముడూ. నేను నా మాట కొంచెం సవరించుకుంటాను. కోస్టా హాకిన్స్ కట్టిపడేసేది నగరాలను, టౌన్‌హోమ్‌లకు అవి సొంతంగా పరిమితి పెట్టలేవు. టౌన్‌హోమ్‌లకు పరిమితి రావాలంటే రాష్ట్ర శాసనసభ ఏబీ 1482నే మార్చాలి. అది ఎలాగూ 2030 జనవరి 1తో ముగుస్తుంది, పొడిగించే చర్చ రాక తప్పదు. అప్పుడు ఒక్క ఇల్లున్న ఓనరుకు 10 శాతం కన్నా కాస్త వెసులుబాటు ఇచ్చి, కొత్త కట్టడాలకు ఇప్పుడున్న పదిహేనేళ్ల మినహాయింపు అలాగే ఉంచితే నాకు అభ్యంతరం లేదు. ఇళ్లు కట్టడం మాత్రం ఆపకూడదు.

మిల్పిటాస్_ఓనర్:
ఒక్క ఇల్లున్నవాళ్లకు 12 శాతం దాకా అంటే నేనూ ఒప్పుకుంటాను. అంతకన్నా తగ్గిస్తే ఒప్పుకోను. హైదరాబాదులో 11 నెలల అగ్రిమెంటు అయిపోగానే ఎంత పెంచాలో కూర్చుని మాట్లాడుకుంటాం. ఇక్కడ ఈమెయిల్ కొట్టి వదిలేస్తున్నాం. అమ్మా, మీ ఓనరు గారికి ఫోన్ చేయండి. నాకూ ఆ తొంభై రోజుల రూలు ఈ రోజే తెలిసింది.

కుపర్టినో_అద్దిల్లు:
ఫోన్ చేశాను. రూలు సంగతి చెబితే ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, తొంభై రోజులకు కొత్త నోటీసు ఇస్తానన్నారు. ఏడాది లీజు రాసుకుంటే 4,650 చేస్తానన్నారు. ఇంకా 10 శాతం పైనే. మా వారు ఒప్పుకుందామంటున్నారు, నేను ఇంకా సరే అనలేదు. తొంభై రోజులంటే జూన్ దాటుతుంది, పాప నాలుగో తరగతి పూర్తవుతుంది. ఈలోగా సన్నీవేల్‌లో అదే బడుల పరిధిలోకి వచ్చే పాత అపార్ట్‌మెంట్లు చూస్తున్నాం. అటువైపు ఖాళీలు తెలిసినవాళ్లు చెప్పండి. రెండు బెడ్‌రూములు చాలు, కట్టి పదిహేనేళ్లు దాటిన బిల్డింగు అయితే మంచిది.