ప్రిన్స్ ఆఫ్ పర్షియా మళ్ళీ మొదలుపెట్టా. కొత్త వెర్షన్లలో ఏది ఆడాలి?

పాత486
కమాండ్లు టైపు కొట్టి కంప్యూటర్ నడిపిన డాస్ కాలం నాటి ప్రిన్స్ ఆఫ్ పర్షియా ఆట ఆడినవాళ్ళు ఇక్కడ ఎంతమంది ఉన్నారు? నేను 1998లో గుంటూరులో డీసీఏ అనే కంప్యూటర్ కోర్సు చేశాను. చెప్పులు బయట విడిచి ఏసీ ల్యాబ్‌లోకి వెళ్ళేవాళ్ళం. నేర్చుకోవాల్సింది ఫాక్స్‌ప్రో, సారు అటు తిరగ్గానే ఆడింది ఇది. యువరాణిని కాపాడ్డానికి ఆటలో 60 నిమిషాలు ఇస్తారు కదా, మా ల్యాబ్ టైమే 45 నిమిషాలు. అందుకని మా బ్యాచ్‌లో ఒక్కడూ పూర్తిచేసిన పాపాన పోలేదు.

మొన్న ఆదివారం ఎస్‌డీఎల్‌పాప్ అనేది దించుకున్నా. పాత డాస్ ఆటను విప్పి చూసి, సీ భాషలో తిరగరాసిన ఉచిత వెర్షన్ ఇది. పాత డాస్ ఆటల్ని నడిపే డాస్‌బాక్స్ గొడవ లేదు, క్లిక్ చేస్తే నడుస్తుంది. మొదటి లెవెల్‌లో రాజకుమారుడు కింద పడగానే వెనక గేటు ధనామని మూసుకుంది చూడండి, ఒళ్ళు జలదరించింది. ఆ ఊపులో కుడివైపు పరిగెత్తి, చేతిలో కత్తి లేకుండానే సోల్జర్ ముందుకెళ్ళి నిలబడ్డా. ఒక్క పోటు. అప్పట్లో చేసిన తప్పే ఇప్పుడూ.

2007లో వచ్చిన ‘క్లాసిక్’ కూడా ఒకటుందట, బొమ్మలు బావుంటాయంటున్నారు. పిల్లలు పడుకున్నాక దొరికేది గంట. దేనిమీద పెట్టాలో చెప్పండి.

షిఫ్ట్‌కీ_అరిగింది
అన్నా, నేను రెండూ ఆడిన. క్లాసిక్ మా దోస్తు ఎక్స్‌బాక్స్ 360ల ఉండె. చూస్తానికి మస్తుంటది. ఇదే సిరీస్‌ల అచ్చిన శాండ్స్ ఆఫ్ టైమ్‌ల ఉన్న రాజకుమారుని తీరుగనే ఉంటడు, దీపాల వెలుగు గోడల మీద పడుతది. మ్యాపులు పాతవే. టైమ్ అటాక్, సర్వైవల్ అని వేరే మోడ్లు గూడ ఇచ్చిన్రు. కానీ గా పోరడు అల్కగ ఉంటడన్నా, దొర్లుతడు, పల్టీలు కొడుతడు. పాతదాంట్ల ఒక్క అడుగేసినవంటే వేసినట్టే, ఎనుకకు తీస్కునుడు లేదు. గా భయమే ఆట. గదే లేకపోతే ఇంకేం ఉన్నది?

మధ్యాహ్నంకోడర్
ఆ ‘అడుగు వేస్తే వేసినట్టే’ అన్నదానికి కారణం ఉంది. ఈ ఆట మామూలుగా సెకనుకు 12 బొమ్మల మీద నడుస్తుంది, కత్తియుద్ధంలో 10 మీద. మీరు మీట నొక్కగానే దూకడు, వేస్తున్న అడుగు పూర్తయ్యాకే దూకుతాడు. అందుకే అంచు దాకా వచ్చి పై బాణం నొక్కితే గోతిలో పడతారు. ఒక అడుగు ముందే నొక్కాలి. ఎస్‌డీఎల్‌పాప్‌లో ఈ వేగాన్ని ముట్టుకోలేదు. నున్నగా 60 బొమ్మలు చేసి ఉంటే అది వేరే ఆట అయ్యేది.

ఆ నడకలో బరువు ఎక్కడిదంటే, ఈ ఆట తయారుచేసిన జోర్డాన్ మెక్నర్ 1985లో వాళ్ళ తమ్ముడి చేత తెల్లబట్టలు వేయించి, పరిగెత్తించి, దూకించి వీడియో తీశాడు. దాన్ని ఒక్కో బొమ్మగా విడదీసి కంప్యూటర్లోకి ఎక్కించాడు. వాళ్ళ నాన్న సంగీతం కట్టాడు. మన ఊళ్ళల్లో కుటుంబమంతా కలిసి హోటల్ నడిపినట్టు.

పాత486
ఓహో, అంటే మెక్నర్ ఇంటర్నెట్లో పెట్టిన అసలు కోడ్‌నే వీళ్ళు వాడుకున్నారా?

మధ్యాహ్నంకోడర్
కాదండీ, చాలామంది అలాగే అనుకుంటారు. మెక్నర్ 2012లో బయటపెట్టింది 1989 నాటి యాపిల్ టూ అనే పాత కంప్యూటర్ వెర్షన్ కోడ్. వాళ్ళ నాన్నకి ఇంట్లో ఓ డబ్బాలో పాత ఫ్లాపీలు దొరికితే, వాటినుంచి బయటికి లాగారు. మనం ల్యాబుల్లో ఆడింది 1990 డాస్ వెర్షన్. ఎస్‌డీఎల్‌పాప్ ఈ డాస్ దాన్ని విప్పి రాసింది. ఇది కాక మినినిమ్ అని మొదట్నుంచీ సొంతంగా రాసిన మరో ఉచిత వెర్షన్ ఉంది. నేను కాసేపే ఆడాను కాబట్టి దాని గురించి తీర్పు చెప్పను.

డాలస్_అమ్మాయి
మా వాడికి పదకొండేళ్ళు. నేను చిన్నప్పుడు ఆడిన ఆట అని చెప్పి ఎస్‌డీఎల్‌పాప్ వేసిచ్చాను. గాల్లో ఉండగా పక్కకి తిప్పబోయాడు, తిరగలేదు. “అమ్మా, కంట్రోలర్ పాడైంది” అన్నాడు! పది నిమిషాలకి విసుక్కుని లేచిపోయాడు. మర్నాడు పక్కన కూర్చుని ఒకటే నేర్పాను: షిఫ్ట్ నొక్కిపెట్టి బాణం నొక్కితే జాగ్రత్తగా ఒక్క అడుగేస్తాడు, మేకుల మధ్యనుంచి కూడా అలాగే నడవొచ్చు అని. వాడు బుగ్గలు పూరించి, ఒక్కో అడుగూ లెక్కపెట్టుకుంటూ, ఆ మేకులు దాటిన తీరు చూడాలి. నేను ఫోన్ తీసేలోపు అవతలి వదులు పలక మీద కాలేసి కింద పడ్డాడనుకోండి.

కాకపోతే ఎఫ్6 నొక్కితే అక్కడికక్కడ సేవ్, ఎఫ్9 నొక్కితే మళ్ళీ అక్కడినుంచే. వీడు అడుగడుక్కీ ఎఫ్6 కొడుతున్నాడు.

పాత486
అది మాత్రం తొండి అక్కా. పాతదాంట్లో సేవ్ చేయాలంటే మూడో లెవెల్ దాకా వెళ్ళాలి, చేసినా ఆ లెవెల్ మొదటికే తెచ్చేది.

డాలస్_అమ్మాయి
రాత్రి పదకొండింటికి అంట్లు తోమి కూర్చున్నదాన్ని, నేనూ ఎఫ్6 కొడుతున్నా. వచ్చి కేసు పెట్టుకోండి :)

షిఫ్ట్‌కీ_అరిగింది
తొండి అంటె యాదికొచ్చింది. డాస్‌ల prompt కాడ ‘ప్రిన్స్ మెగాహిట్’ అని టైపు కొట్టి ఎంటర్ కొడితే చీట్ కీలు పనిచేస్తుండె. షిఫ్ట్ పట్టి టీ కొడితే ఓ లైఫ్ పెరుగుతది. మా సీనియర్ చెవుల చెప్పిండు. మెగాస్టార్ అభిమాని ఎవడో పెట్టిండనుకున్నం చానా రోజులు.

విశాఖ_ఎలుక
ఎనిమిదో లెవెల్ సంగతి చెప్పాలి. ఆడనివాళ్ళు ఈ పోస్టు దాటేయండి, గుట్టు విప్పుతున్నా.

బయటికెళ్ళే తలుపు తెరుచుకుంటుంది కానీ, మనం గేటు వెనక ఇరుక్కుపోతాం. దాన్ని తెరిచే పలక గేటు అవతల ఉంటుంది. 1996లో మా అన్నయ్యా నేనూ దీని దగ్గర నెల రోజులు తన్నుకున్నాం. ఇరుక్కోగానే ‘అయిపోయాం’ అని కంట్రోల్ ఏ కొట్టి మళ్ళీ మొదటికి. వాడు దారి తప్పావని నన్ను, నేను వాణ్ణి తిట్టుకోవడం. చివరికి మా ఫ్లాపీలోని ఆటే చెడిపోయిందని తేల్చి, ఇచ్చిన ట్యూషన్ స్నేహితుడితో కూడా గొడవపడ్డాం.

పోయిన నెల ఎస్‌డీఎల్‌పాప్‌లో సరిగ్గా అక్కడే ఇరుక్కున్నా. అప్పుడే గ్యాస్ సిలిండర్ వాడు బెల్లు కొట్టాడు. పాజ్ చేయడం మర్చిపోయి వెళ్ళి, డబ్బులిచ్చి వచ్చేసరికి గేటు తెరిచుంది. నమ్మలేక ఎఫ్9 కొట్టి చేతులు కట్టుకుని చూశా. ఓ తెల్ల ఎలుక కులుకుతూ వచ్చి, పలక మీదెక్కి దిగి, వెళ్ళిపోయింది. ఊరికే నిలబడితే చాలు! అన్నయ్యకి ఫోన్ చేసి చెప్తే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత “ఆ ఫ్లాపీవాడికి సారీ చెప్పాల్రా” అన్నాడు.

మధ్యాహ్నంకోడర్
ఆ ఎలుకను పంపేది యువరాణే. లెవెల్ మొదలయ్యే ముందు వచ్చే చిన్న సీన్లో చూపిస్తారు. మనమంతా స్పేస్ కొట్టి దాటేసేవాళ్ళం.

విశాఖ_ఎలుక
చంపేశారు కదండీ.

కొత్తగా_చేరా
మొదటి లెవెల్ అవగానే అక్షరాలున్న సీసాల గది వచ్చేది కదా? మాన్యువల్లో ఫలానా పేజీ, ఫలానా వరుసలో ఉన్న మాట మొదటి అక్షరం చూసి ఆ సీసా తాగమనేది. మా దగ్గర మాన్యువల్ ఎక్కడ ఏడ్చింది? దొంగకాపీ. ఏ ప్రశ్నకి ఏ సీసా పనిచేసిందో లెక్కల నోట్సు వెనక పేజీలో రాసుకునేవాళ్ళం. అది ఇందులో కూడా ఉందా?

మధ్యాహ్నంకోడర్
మామూలుగా రాదు. కావాలంటే ఎస్‌డీఎల్‌పాప్ ఐఎన్‌ఐ అనే సెట్టింగుల ఫైల్లో ఆన్ చేసుకోవచ్చు. మీ నోట్సు ఇంకా ఉంటే చేయండి.

పాత486
రెండు వారాలయ్యింది. క్లాసిక్ జోలికి పోలేదు. నాలుగో లెవెల్‌లో దారికి అడ్డంగా అద్దం వచ్చినప్పుడు దూరంనుంచి పరిగెత్తుకొచ్చి దూకితే, నా నీడ నాలోంచి విడిపోయి అటు పారిపోయింది, నాకు ఒక్క లైఫ్ మిగిలింది. ఆ నీడే తర్వాతి లెవెల్‌లో నా సీసా తాగేసింది. ఆరో దాంట్లో నా మొహం మీదే గేటు వేసి కింద పడేసింది. నిన్న రాత్రి 12వ లెవెల్‌లో మళ్ళీ ఎదురొచ్చింది. పాత బాకీ తీరుద్దామని కత్తి దూసి కొడితే నా ప్రాణమే తగ్గుతోంది! మిగిలింది 6 నిమిషాలు. ఎవరూ ఏమీ చెప్పొద్దు, నేనే కనుక్కుంటా.

షిఫ్ట్‌కీ_అరిగింది
చెప్పనన్నా. కింది బాణం కీ పనిచేస్తున్నదో లేదో ఒకసారి చూస్కో.

పాత486
చెప్పొద్దన్నానా!