అప్‌డేట్: 3డీ ప్రింటర్ హాట్‌ఎండ్‌కు (ప్లాస్టిక్‌ను కరిగించే భాగం) సిలికాన్ తొడుగు కుదిరింది

ప్రింటర్ ఫ్యాన్ తిరగగానే హీటర్ బ్లాక్ (నాజిల్‌ను వేడిచేసే లోహపు దిమ్మ) చల్లబడి టెంపరేచర్ ఊగుతోంది, దానికి ఇంట్లోనే తొడుగు చేసుకోవచ్చా అని ఇంతకుముందు అడిగిన. చేసుకోవచ్చు.

నల్లగొండలో బండ్ల స్పేర్ పార్ట్స్ షాపులల్ల దొరికే ఎర్ర ఆర్‌టీవీ గాస్కెట్ ట్యూబ్ (ఆరితే రబ్బరులెక్క అయ్యే సిలికాన్ జిగురు) చాలు. దాని మీద 300 డిగ్రీల సెల్సియస్ అని ఉండాలె, బాత్రూం సీలెంట్ పనికిరాదు. బ్లాక్‌ను వెర్నియర్‌తో కొలిచి, తొడుగు గోడ మందం 2 మి.మీ. వచ్చేటట్టు పీఎల్‌ఏ (ప్రింటర్ ప్లాస్టిక్) అచ్చు ప్రింట్ చేసి, సిలికాన్ అంటుకోకుండ లోపల సబ్బునీళ్లు పూసి, అందుల సిలికాన్ నింపాలె.

అసలు చిక్కు ఆరడంలనే ఉంది. ఇది గాలిలోని తేమతోనే గట్టిపడుతది. మూసిన అచ్చుల పైన చర్మం కట్టి లోపల జిగురుగనే మిగుల్తది. అందుకే అచ్చు పైభాగం తెరిచి, తడిగుడ్డతో పాటు డబ్బాల పెట్టి కనీసం 24 గంటలు ఆగాలె. మన ఎండాకాలపు పొడిగాలికి ఆ తడిగుడ్డ తప్పనిసరి. మొక్కజొన్న పిండి కలిపితే తొందరగ ఆరుతది గానీ, వేడికి పిండి మాడుతది, నేనైతే వద్దంట.

బ్లాక్ మీద నేరుగ పూయొద్దు. ఆరేటప్పుడు వచ్చే వెనిగర్ వాసన ఎసిటిక్ యాసిడ్‌ది, రాగి వైర్లను తింటది.

నాజిల్ మొన 1 మి.మీ. బయటికుండాలె. తొడిగినంక ప్రింటర్‌కు ఎం303 ఇ0 ఎస్210 సి8 (M303 E0 S210 C8) కమాండ్ ఇచ్చి నడిపి, వచ్చిన పీఐడీ విలువలను (టెంపరేచర్‌ను నిలకడగ ఉంచే సెట్టింగులు) ఎం301తో ఎక్కించి, ఎం500తో సేవ్ చేయండి.