రీ: పోస్టల్ క్లర్క్ జాబ్ వచ్చింది, నడుం తట్టుకుంటదా?

తమ్మీ, ముందుగాల కంగ్రాట్స్. నీది హన్మకొండ అన్నవ్, మాది కాజీపేట, అందుకే ఇంత పొడుగు రాస్తున్న. క్లర్క్ అంటే మనదిక్కు కుర్సీల కూసొని ముద్రలు గుద్దుడు అనుకుంటం, ఇక్కడ అమెరికాల లెటర్లు, పార్సిళ్లు సార్ట్ చేసే పోస్టల్ ప్లాంటుల క్లర్క్ అంటే ఎనిమిది గంటలు సిమెంట్ నేల మీద నిలవడుడే, నవంబర్ ఆఖర్ల థాంక్స్‌గివింగ్ పండుగ నుంచి క్రిస్మస్ దాక ఇంకా ఎక్కువనే అయితది.

70 పౌండ్లు లేపాలె అని సూశి భయపడ్డ అన్నవ్ గదా, అంటే 32 కిలోల దాక, ఇక్కడి పోస్టుల పార్సిల్‌కు అదే లిమిట్. అసొంటియి వస్తే నువ్వే జాగ్రత్తపడతవ్, పక్కోన్ని పిలుస్తవ్. నడుం పొయ్యేది వాటితోని కాదు. సార్టింగ్ మిషన్ కాడ ఒకరు లెటర్లు ఫీడ్ చేస్తుంటె ఇంకొకరు బిన్లు నిండంగనే తీసి ట్రేలల్ల పెట్టాలె, పై వరుసకు చెయ్యి సాపుడు కింది వరుసకు వంగుడు మళ్ల ట్రే దిక్కు తిరుగుడు, గంటల కొద్ది ఇదే, అల్కగున్నదని పాదాలు కదపకుండ నడుమొక్కటే తిప్పుతం, అక్కడ్నే పట్టుకుంటది. నాకు రెండో నెలల గట్లనే అయింది. చేతుల ఖాళీ ట్రేలు, పక్కకు తిరిగి కింద పెడుతుంటె కలుక్కుమన్నది. ఇంటికొచ్చినంక బూట్ల లేసులు ఇప్పుకొనుడు గూడ చాతకాలె, మా ఆమెనే ఇప్పింది.

మా బాపు ఎనుమాముల మార్కెట్ల హమాలీ పని చేసిండు. మిర్చి బస్తా కింది నుంచి ఒక్కడే ఎన్నడు లేపకపోయేది, ఇద్దరు చెయ్యి అందిస్తేనే వీపు మీదికి తీసుకునేది, తిరగాలంటే కాళ్లతో సహా మొత్తం మనిషే తిరిగేది. నువ్వు గూడ గంతే జెయ్, ముందు పాదం తిరగాలె, ఎనక నడుం.

చక్రాల కంటైనర్లను నూకు, గుంజకు. గుంజితే నీ మడిమె మీదికే వస్తది. బూట్లు సగం సైజు పెద్దయి తీస్కో, షిఫ్ట్ అయ్యేసరికి పాదాలు ఉబ్బుతయ్, కొనేది గూడ సాయంత్రం పూట పోయి కొను. నైట్ షిఫ్ట్ ఇస్తే పొద్దుగాల పండుకునే రూంకు మందం కర్టెన్లు, గంతకంటె ఏంలే.

ఇది మాత్రం మర్శిపోకు. దెబ్బ తగిలితే అదే రోజు సూపర్‌వైజర్‌కు చెప్పి సీఏ-1 ఫారం, అంటే డ్యూటీల దెబ్బ తగిలిందని రాసిచ్చే కాయితం, నింపు. 30 రోజులల్ల పెడితేనే 45 రోజుల దాక జీతం నడిచే సౌలత్ ఉంటది. ప్రొబేషన్ల ఉన్న, తీసేస్తరేమో అని నేను రెండు వారాలు దాచిపెట్టిన, జండూబామ్ రాసుకుంట డ్యూటీకి పోయిన, పది రోజులల్ల తగ్గేది నాలుగు నెలలు ఏడిపిచ్చింది. యూనియన్‌ల చేరు, ఫారం ఎట్ల నింపాల్నో వాళ్లు కూసొని చూపిస్తరు.

నీకు పాత నడుంనొప్పి ఏమన్న ఉన్నదా, ఏ షిఫ్ట్ ఇచ్చిన్రు? రాయి తమ్మీ, రాత్రి డ్యూటీ అయితే తెల్లారంగ నేనే ఫోన్ జేస్త.