అప్‌డేట్: డిప్యుటేషన్ మీద పంపిన టీచర్ తిరిగొచ్చారు

మా ప్రాథమిక పాఠశాలలో ఇద్దరు టీచర్లలో ఒకరిని వేరే ఊరికి డిప్యుటేషన్ మీద పంపేశారు, ఐదు తరగతులూ నా ఒక్కదాని మీదే పడ్డాయి, మండలం టీచర్లమంతా వాట్సాప్‌లో కలిసి ఏం చేయొచ్చని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

బాగా పనికొచ్చింది 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూల్. ఒకటి నుంచి ఐదు తరగతుల బడిలో పిల్లలు 60 లోపే ఉన్నా ఇద్దరు టీచర్లు ఉండాలని అందులో స్పష్టంగా ఉంది. గ్రూపులో గూగుల్ ఫారం పెడితే మాలాంటి బడులు ఇంకా బయటపడ్డాయి. అన్నిటినీ ఒకే పట్టికగా చేసి ఎంఈవో (మండల విద్యాధికారి) గారికి ఇచ్చాం. పిల్లల పేర్లు, ఫొటోలు ఎక్కడా పెట్టలేదు. ఆ జాగ్రత్త చెప్పినవారికి ప్రత్యేక కృతజ్ఞతలు.

అసలు బలం మాత్రం తల్లులదే. అదే చట్టం సెక్షన్ 21 ప్రకారం బడి యాజమాన్య కమిటీలో కనీసం నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి. వాళ్లు తీర్మానం రాసి సంతకాలు పెట్టాకే పని కదిలింది.

ఇప్పుడు ఒకటో తరగతి పిల్లల పక్కన కూర్చుని అక్షరాలు దిద్దించగలుగుతున్నాను. కొన్ని బడులకు ఇంకా రెండో టీచర్ రాలేదు, వచ్చేదాకా గ్రూపు నడుస్తుంది.