రేకుల ఫ్యాక్టరీలో పనిచేసినాయనకి ఆయాసం: ఆస్బెస్టాసిస్ అని తేల్చేదెలా?

కార్మికమిత్ర: యూనియన్ తరఫున అడుగుతున్నానండి. మా కార్మికుడొకాయన, వయసు 63. 1984 నుంచి 2004 దాకా సిమెంటు రేకుల ఫ్యాక్టరీలో ఆస్బెస్టాస్ బస్తాలు కోసి మిక్సర్‌లో పోసే పని. ఇప్పుడు పొడిదగ్గు, మెట్లెక్కితే ఆయాసం. ఎక్స్‌రే చూసి టీబీ మందులంటున్నారు. తెమడలో ఏమీ రాలేదు. బయాప్సీ తప్పదా?

ఛాతీవైద్యం: చాలామందికి అక్కర్లేదండి. ముందు తెమడకి సీబీనాట్ (టీబీ క్రిమి జన్యుపదార్థాన్ని పట్టే పరీక్ష) చేయించండి. టీబీ మచ్చలు ఎక్కువగా ఊపిరితిత్తుల పైభాగాన ఉంటాయి. ఆస్బెస్టాసిస్, అంటే ఆస్బెస్టాస్ ధూళి వల్ల ఊపిరితిత్తులకి మచ్చపట్టే జబ్బు, రెండువైపులా అడుగున మొదలవుతుంది. గాలి పీల్చడం పూర్తవుతుండగా వీపు కింది భాగంలో చిటపట శబ్దం వినిపిస్తుంది.

తర్వాత హెచ్‌ఆర్‌సీటీ, అంటే ఊపిరితిత్తుల్ని పలుచటి పొరలుగా వివరంగా చూపే సీటీ స్కాన్. బోర్లా పడుకోబెట్టి కూడా తీయాలని చీటీలో రాయించండి. వెల్లకిలా ఉంటే శరీర బరువుకే వెనకవైపు మసక కనిపిస్తుంది. బోర్లా తిప్పినా అది పోకపోతే నిజమైన మచ్చే. ఎక్స్‌రే మామూలుగా ఉన్నా తొలిదశ ఉండొచ్చు. స్కాన్ చదివేవారికి ఆయన చేసిన పని తెలియకపోతే రిపోర్టులో కారణం తెలియని ఫైబ్రోసిస్ (మచ్చపట్టడం) అని వస్తుంది. అందుకే ఏ విభాగంలో, ఏ ఏడు నుంచి ఏ ఏడు దాకా, ఏం పని అన్నది కాగితం మీద రాసివ్వండి. సాధారణంగా జబ్బు బయటపడేది ధూళి సోకడం మొదలైన 20 ఏళ్లు దాటాకే. పని మానేసి చాలా కాలమైందన్నది కొట్టిపారేయడానికి కారణం కాదు.

పీఎఫ్‌టీ_ల్యాబ్: గొట్టంలోకి ఊదించే స్పైరోమెట్రీ ఒక్కటే చాలదండి, ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి వాయువు ఎంత బాగా చేరుతోందో కొలిచే డీఎల్‌సీఓ కూడా అడగండి. ఎఫ్‌వీసీ (నిండా పీల్చి బయటికి ఊదిన మొత్తం గాలి) తగ్గి, ఎఫ్‌ఈవీ1 (అందులో మొదటి సెకనులో ఊదిన గాలి)తో నిష్పత్తి మామూలుగా ఉంటే ఊపిరితిత్తులు బిగుసుకున్నట్టు. బీడీ అలవాటుంటే ఎఫ్‌వీసీ, నిష్పత్తి రెండూ తగ్గి బొమ్మ కలగాపులగం అవుతుంది. రక్తహీనత ఉన్నా డీఎల్‌సీఓ తక్కువ వస్తుంది, హిమోగ్లోబిన్ అంకె వెంట తీసుకెళ్లండి.

కార్మికమిత్ర: స్కాన్‌లో ప్లూరల్ ప్లాక్స్ (ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొర మీద గట్టిపడిన మచ్చలు) మాత్రమే వస్తే?

ఛాతీవైద్యం: ఆస్బెస్టాస్ ధూళి సోకిందనడానికి అది బలమైన గుర్తు, కానీ ఆస్బెస్టాసిస్ కాదు. ఊపిరితిత్తి చుట్టూ ఒకవైపు నీరు చేరినా, ఛాతీనొప్పి విడవకున్నా ఆలస్యం చేయకండి. అక్కడ మాత్రం బయాప్సీ కావాలి. మీసోథీలియోమా (ఆస్బెస్టాస్ వల్ల ఆ పొరకి వచ్చే క్యాన్సర్) నీటి పరీక్షలో చాలాసార్లు దొరకదు, థొరాకోస్కోపీతో, అంటే ఛాతీలోకి కెమెరా గొట్టం పంపి ముక్క తీయాలి.

ఫ్యాక్టరీచట్టం: ఆస్బెస్టాసిస్ 2025 నవంబరు దాకా ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూలులో ఉండేది; ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్ (2020) మూడో షెడ్యూలులో ఉంది. తేల్చిన డాక్టరు చీఫ్ ఇన్‌స్పెక్టర్-కమ్-ఫెసిలిటేటర్ ఆఫీసుకి రాతపూర్వకంగా తెలపాలి. 1995 సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం కార్మికుడి ఆరోగ్య రికార్డును ఉద్యోగంలో చేరినప్పటి నుంచి 40 ఏళ్లు, లేదా మానేశాక 15 ఏళ్లు, ఏది ఆలస్యమైతే అంతవరకు యాజమాన్యం భద్రపరచాలి. ఈయనది 1984, 40 ఏళ్లు 2024తో నిండాయి. కాబట్టి వాళ్లు పారేయకముందే రికార్డు కాపీ కోసం ఇవాళే రిజిస్టర్డ్ పోస్టులో రాయండి. ఈఎస్‌ఐ కార్డు, పాత జీతం చీటీలు కూడా బయటికి తీయండి.