సుస్థిరాభివృద్ధి ఆలోచన 1987లోనే మొదలైందా?

ప్రాణహిత ఒడ్డు (సిరొంచ):
మిత్రులకు నమస్కారం. మా తాలూకాలోని తెలుగు పిల్లలకు పర్యావరణ చరిత్ర చెప్పే బాధ్యత నా మీద పడింది. నా దగ్గరున్న పుస్తకాలు పర్యావరణంపై ఐక్యరాజ్యసమితి జరిపిన 1972 నాటి స్టాక్‌హోమ్ సమావేశంతో మొదలై, రేపటి తరాల అవసరాలకు గండి కొట్టకుండా నేటి అవసరాలు తీర్చుకోవాలన్న 1987 నాటి ఐక్యరాజ్యసమితి కమిషన్ వారి బ్రంట్‌లాండ్ నివేదికతో ముగుస్తున్నాయి. టేకు అడవుల మధ్య పుట్టి పెరుగుతున్న పిల్లలకు ఇంతే చెప్పి ఊరుకోవడానికి మనసొప్పడం లేదు. అంతకు ముందరి కథ తెలిసినవారు దయచేసి వివరించగలరు.

టేకుమాను (ఆలాపల్లి):
చాలా వెనక్కి వెళ్లాలండి. జర్మనీలోని సాక్సనీలో వెండి ఖనిజాన్ని కరిగించే కొలుములు బొగ్గు కోసం చుట్టుపక్కల అడవులను మింగేస్తుంటే, ఎంత పెరుగుతుందో అంతే నరకాలని గనుల అధికారి హాన్స్ కార్ల్ ఫాన్ కార్లోవిట్స్ 1713లో గ్రంథం రాశారు. తర్వాతి కాలంలో అక్కడ ఎదిగిన అటవీ శాస్త్రమే జర్మన్ అటవీ నిపుణుడు డీట్రిచ్ బ్రాండిస్‌తో మన దేశానికి వచ్చింది. బర్మా టేకు అడవుల్లో పనిచేసిన ఆయన 1864లో ఇక్కడి తొలి అటవీ ఇన్‌స్పెక్టర్ జనరల్ అయ్యారు. రైలు పట్టాల కింది స్లీపర్లకు మేలురకం కలప కరవవుతున్న రోజులవి. ఊళ్లకు కొంత అడవి వదలాలని బ్రాండిస్ వాదించినా, అడవులపై పూర్తి అధికారం సర్కారుదేనన్న బ్రిటిష్ అధికారి బేడెన్-పావెల్ మాటే నెగ్గింది. 1878 అటవీ చట్టం తరతరాల వాడుకను హక్కుగా కాక, సర్కారు దయతలచి ఇచ్చే సౌకర్యంగా మార్చింది. అడవి తరగకూడదన్న చింత నిజమైనదే గాని, అది ఎవరి కోసం మిగలాలన్న ప్రశ్నను పక్కన పెట్టేశారు. పిల్లలకు ముందుగా చెప్పవలసింది ఇదేనని నా అభిప్రాయం.

వెదురుపొద (ధనోరా):
ఆ ప్రశ్నకు మన గడ్చిరోలి జిల్లాలోనే ఒక జవాబు దొరికిందండి. మెండా-లేఖా అనే గోండు గ్రామం, 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం, 2009లో సుమారు 1,800 హెక్టార్ల అడవిపై సామూహిక హక్కు పొందింది. 2011 ఏప్రిల్‌లో వెదురు రవాణా పర్మిట్లు ఇచ్చే అధికారం కూడా గ్రామసభ చేతికి వచ్చింది. వీలైతే పిల్లలను ఒక వెదురు పొద దగ్గరికి తీసుకువెళ్లండి. ఆ ఏటి వానలకు మొలిచిన లేత బొంగును ముట్టకూడదు. ముదిరినవాటినే నేలకు ఒకటి రెండు కణుపుల పైన కొయ్యాలి. కొత్త పిలకలకు ఆసరాగా కొన్నింటిని పొదలోనే వదిలెయ్యాలి. కోసిన పొదను మళ్లీ కొన్నేళ్ల దాకా కదపకూడదు. కార్లోవిట్స్ చెప్పిన లెక్క వాళ్లకు అక్కడ కంటికి కనిపిస్తుంది.

కొండదారి (రాయగడ):
ఒడిశాలోని మా నియమగిరి కొండల కథను కూడా చేర్చండి. అల్యూమినియం ఖనిజమైన బాక్సైట్ తవ్వకం వల్ల అక్కడి డోంగ్రియా కొంధు గిరిజనుల మత, సాంస్కృతిక హక్కులకు భంగం కలుగుతుందా అన్నది గ్రామసభలు పరిశీలించాలని 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. రాయగడ, కలహండి జిల్లాల్లో జరిగిన 12 గ్రామసభలూ తవ్వకం వద్దన్నాయి. 2014 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ అనుమతి నిరాకరించింది.